ఊట మూసిన కట్ట

మూసింది మీరే, నీళ్ల ఆఫీసు పెద్దలూ. పడవ షికారుకొచ్చేవాళ్ల బూట్లకు బురదంటుతోందని, చెరువు మట్టికట్ట అడుగున ఊటనీరు బయటికి పోయే గొట్టానికి సిమెంటు కొట్టి, పైన పూలకుండీలు పెట్టింది మీరే. చెరువు నిండుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు మీద పలకలు బిగించి మూరెడు నీళ్లు అదనంగా నిలబెట్టిందీ మీరే. ఊరంతా తాగే నీళ్లవి. మీకు మాత్రం ఆటబొమ్మ.

మూస్తే నీరు ఊరుకుంటుందా? దారి వెతుక్కుంది. కట్ట కిందే ఉన్న ఇస్త్రీ ఆమె పెరట్లో తేలింది. మొదట్లో తేటగా ఉండేది. నీళ్లు ఇంటికే నడిచొచ్చాయని ఆమె కూడా మురిసి, చెంబుతో ముంచి బట్టల మీద చల్లుకునేది. ఒక పొద్దున నీళ్ల ఆఫీసరు తెల్లచొక్కా మీద చల్లితే, చొక్కా నిండా ఎర్రటి చుక్కలు లేచాయి. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లి చూసింది. ఊట ఎర్రగా మసులుతూ ఇసుక కక్కుతోంది. లోపలిగదిలో, కట్టవైపు గోడకానుకుని, ఆపరేషన్ కుట్లు మానని కూతురు పసిగుడ్డుకు పాలిస్తోంది.

ఆమె చొక్కా పట్టుకుని కట్టెక్కింది. పడవలు నడిపే మరిది చూసి నవ్వాడు.

"ఏంటి వదినా, గిన్నె బోర్లాపడినా వరదొచ్చిందనే మనిషివి. ఇవాళేం మునిగింది?"

"నీ నోరు మునిగితే బాగుణ్ణు. నీళ్లతో మట్టొస్తోంది. అది ఎవరింటి మట్టనుకున్నావు? నువ్వు నిల్చున్న కట్టది."

మరిది నవ్వు ఆగింది. కాళ్ల కిందికి చూసుకున్నాడు.

మైకులో పాటలు పెట్టించి పందేల పందిరి వేయిస్తున్న ఆఫీసరు చొక్కా అందుకున్నాడు. చుక్కను గోటితో గీకి వేళ్ల మధ్య నలిపాడు. ముఖం పాలిపోయింది. అయినా గొంతు సర్దుకున్నాడు.

"ఆదివారం పడవ పందేలమ్మా. పెద్దవాళ్లొస్తున్నారు. అవి కానిచ్చి నీళ్లు దించేద్దాం. ఈలోగా ఎవరితోనూ అనకు."

అంటే ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు.

"అలాగేనయ్యా," అందామె. "ఆదివారం దాకా మీ పిల్లల్ని తెచ్చి మా లోపలిగదిలో పడుకోబెట్టండి. నా పిల్లను మీ ఇంటికి పంపుతాను."

కట్ట అడుగున పూలకుండీ ఒకటి పక్కకు ఒరిగింది. ఎవరో కింది నుంచి లాగుతున్నట్టు, మెల్లగా మట్టిలోకి దిగిపోయింది. అది ముగ్గురూ చూశారు. మరిది అలుగు దగ్గరికి పరుగెత్తి పలక పట్టుకు లాగాడు. కదల్లేదు. బోల్టులు విప్పే రెంచి ఆఫీసు గదిలో ఉంది. గది తాళంచెవి ఆఫీసరు జేబులో ఉంది.

ఆమె ఆయన ముందుకొచ్చి చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇటివ్వండి. పలకలు పీకించండి, నీళ్లు కిందికి వదిలే తూమెత్తించండి. ఆ మైకులో పాటలాపి, కట్ట కింద ఇళ్లన్నీ ఖాళీ చేయమని చెప్పండి. నడవలేని నా పిల్లను మోయడానికి నలుగుర్ని పంపండి. ఆదివారం కాదు. ఇప్పుడు."