మధ్యాహ్నపు మొక్కు

పక్కబట్టలు పిండి దండెం మీద ఆరేసి, చేతులకు మళ్లీ సబ్బు రుద్దుకున్నాను. వాసన వస్తుందేమోనన్న అనుమానం మాత్రం పోలేదు. అద్దం ముందు నిలబడి నొసట కుంకుమ కాస్త పెద్దగానే దిద్దుకున్నాను. గుడికి పోయొచ్చినట్టు కనబడాలి కదా.

మా అత్త బాలనర్సమ్మ పక్షవాతంతో మంచాన పడినప్పటి నుంచీ నా మధ్యాహ్నాలు ఇంతే. జనగామలో నేను పనిచేసే పంచాయతీ సమితి ఆఫీసు ఇంటికి దగ్గరే. పర్మిషన్ అడిగి కాసేపు వచ్చిపోతానంటే మా ఆయన వెంకట్రాం గయ్యిమన్నాడు. "మా అమ్మ పియ్యి ముచ్చట ఆఫీసుల చెప్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె? హన్మాన్ల గుడిల దీపం మొక్కున్నదని చెప్పు, ఎవలు వద్దనరు." నిజమే, ఎవరూ వద్దనలేదు. దేవుడి కోసమైతే పోనిస్తారు, ముసలమ్మ కోసమంటే పోనివ్వరు. పాలకుర్తి బడిలో అందరి పిల్లల ముక్కులూ తుడిచే ఈ పంతులుకు తల్లి పక్క మార్చడానికి మాత్రం చేతులు రావు. అత్తదీ అదే మాట. "కొడుకుతోని కడిగించుకుంటనా బిడ్డా? సిగ్గుతోటి చస్త." నాకు సిగ్గుండదని ఇద్దరికీ ఎవరు చెప్పారో!

లేకేం? ఫైలు అందిస్తూనే చెయ్యి వెనక్కి లాక్కుంటాను. ఇంట్లో పటికబెల్లాన్నే కొంగున ముడేసుకొచ్చి ప్రసాదమని పెడితే, పక్క సీటు కమల కళ్లకద్దుకుంటుంది. అప్పుడు తలెక్కడ పెట్టుకోవాలో తెలియదు. అబద్ధానికి కొంత సిగ్గు. అంతకంటే ఎక్కువ, ఏదో నేరం చేసినదాన్ని దాచినట్టు అత్తను దాస్తున్నందుకు.

ఇవాళ తిరిగొచ్చేసరికి పెద్దసారు విద్యాసాగర్ నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఆలస్యమైందని తిడతారనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, "సరళమ్మా, మా అమ్మ మంచంల వడ్డది. రేపు ఆమె పేరు మీద గూడ ఒక దీపం పెట్టు" అన్నారు.

"అమ్మను ఎవరు చూస్తున్నరు సార్?"

"మా ఆమె ఉన్నది గద. ఆమెది గూడ నౌకరే, లీవు దొర్కుతలేదని ఒకటే ఏడుపు. ఆడోళ్లన్నంక తప్పుతదా?"

కమల అప్పటికే ప్రసాదానికి చెయ్యి చాపింది. కొంగు ముడి విప్పబోయి ఆగిపోయాను. చెబితే ఈ కాసేపు కూడా పోవచ్చు. అది పోతే నౌకరీ మానుకోవాల్సిందే.

"నేను గుడికి పోతలేను సార్" అన్నాను, తల ఎత్తలేక బల్లనే చూస్తూ. "మా అత్తకు పియ్యి తీసి, కడిగి, పక్క మార్చి వస్తున్న. రేపు గూడ పోవాలె. మొక్కుకిచ్చిన పర్మిషన్ గీ పనికి ఇస్తరా, ఇయ్యరా?"