ఇమామ్ జామిన్ రూపాయి

బయలుదేరే రోజు పొద్దున ఆకిఫ్ కుడిచేతి దండకు ఇమామ్ జామిన్ కట్టాను. దూరప్రయాణం పోయేవాళ్లను అది కట్టకుండా మా ఇళ్లలో గడప దాటనివ్వం. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి కుట్టి కడతాం. క్షేమంగా చేరాక, చేరినవాళ్లే ఆ రూపాయిని బీదవాళ్లకు ఇవ్వాలి. ఆరున్నర అడుగుల మనిషి కదా, నాకు అందేలా మంచం మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"ఏడుస్తున్నవేంది అమ్మీ, ఆడనీకే కదా పోతున్న" అన్నాడు.

అది ఏడుపు కాదు, భయం. ఏడాదిగా నా కొడుకంటే నాకు భయం. మోకాలికి దెబ్బ తగిలినప్పుడు నొప్పి తెలియదని ఎవడో దోస్తు తెల్లపొడి అలవాటు చేశాడు. మోకాలు నయమైంది, పొడి మాత్రం వదల్లేదు. బాస్కెట్‌బాల్‌లో రాష్ట్రానికి ఆడిన పిల్లవాడు బాత్రూం గడియ పెట్టుకుంటే, ఊపిరి ఉందో లేదోనని తలుపుకి చెవి ఆనించి నిలబడేదాన్ని. వంట కాగానే కత్తిపీట నా మంచం కింద దాచుకునేదాన్ని. కన్నకొడుకుకి భయపడే తల్లులు కూడా ఉంటారా అనుకునేదాన్ని ఒకప్పుడు. ఉంటారు.

రంజాన్ తర్వాత పహాడీ షరీఫ్ కొండ ఎక్కించి, దర్గా గడప మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను. ఆ తర్వాత నిజంగానే మారాడు. అన్నం తిన్నాడు, తెల్లారకముందే పరుగుకు పోయాడు. కోచ్ శ్రీకాంత్ సార్ మళ్లీ నమ్మి, ఢిల్లీలో జరిగే జాతీయ శిబిరానికి పేరు పంపాడు. ఈసారి తప్పితే ఇక తన చేతుల్లో ఏమీ లేదని నా ముందే చెప్పాడు.

ఇమామ్ జామిన్ కట్టాక ఆకిఫ్ కాసేపు నా కుట్టుమిషన్ ఉన్న గదిలో తలుపు వేసుకున్నాడు. నమాజు చేసుకుంటున్నాడనుకుని చప్పుడు చేయకుండా కూర్చున్నాను. నా మట్టిబుర్రకు అంతకంటే ఏం తోస్తుంది?

కొత్వాల్‌గూడలో మా ఇంటిమీద నుంచే విమానాలు పోతాయి. చిన్నప్పుడు వాటిని అందుకుంటానని మిద్దె మీద ఎగిరేవాడు. ఈరోజు అందులోనే ఎక్కుతాడని కారులో కూర్చుని మురిసిపోయాను.

ఎయిర్‌పోర్టు దగ్గర జట్టంతా ముందే చేరింది. తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను టికెట్లు చూస్తున్నాడు. ఇంకొకడు కుక్కను పట్టుకుని వరుస పక్కనే తిరుగుతున్నాడు. లోపలికి నన్ను రానివ్వరు కాబట్టి అక్కడే దువా చదివి, ఇమామ్ జామిన్‌ను పెదవులకు ఆనించుకున్నాను.

రూపాయి తగల్లేదు.

తనిఖీ మిషన్ మోగుతుందని తీసేశాడేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. వేలితో నొక్కి చూశాను. లోపల ప్లాస్టిక్ కవరు, మెత్తగా పొడి. కుక్క మావైపే వస్తోంది.

వదులైంది, మళ్లీ కడతానంటూ ముడి విప్పబోయాను. ఆకిఫ్ వంగి నా చెవిలో అన్నాడు.

"విప్పకు అమ్మీ. అది లేకుంటే నేను ఆడలేను."

వాడు నాకంటే ఎక్కువ భయపడుతున్నాడని అప్పుడు అర్థమైంది. అయినా పళ్లతో దారం తెంపి దాన్ని గుప్పిట్లో బిగించాను.

"ఇది నా దగ్గరుంటది. నువ్వు పో బేటా."

పోలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. బంతిని ఒక్క అరచేత్తో ఎత్తే చెయ్యి అది. నా వేళ్లను ఒక్కొక్కటే విరిచినట్టు విప్పుతున్నాడు. అరిస్తే జవాను వస్తాడు, వస్తే వాడికి జైలే. అరవకపోతే వాడు నాకు దక్కడు. నేను అరవలేదు. చివరి వేలు కూడా విప్పి, ఆకుపచ్చ గుడ్డ లాక్కుని, తలుపు వైపు కాకుండా బస్సులు ఆగేచోటికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

శ్రీకాంత్ సార్ వచ్చి ఆకిఫ్ ఏడని అడిగాడు.

"బాత్రూంకు పోయిండు సార్, వస్తడు" అన్నాను.

కాసేపాగి మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. వాపెక్కిన నా వేళ్ల వైపు చూసి, మిగతా పిల్లలను తీసుకుని లోపలికి పోయాడు.

ఇంటికొచ్చేసరికి మిద్దె మీద నుంచి ఒక విమానం పోయింది. తలెత్తి చూడటానికి కూడా భయమేసింది. రూపాయి నా కుట్టుమిషన్ మీదే ఉంది, దారపుండ పక్కన.

వారం దాటింది. ఫోను మోగితే ఎత్తడానికే భయం, ఏ పోలీస్ స్టేషనో, ఏ దవాఖానో అని. బీదవాళ్లు రోజూ గుమ్మం ముందు నుంచి పోతూనే ఉన్నారు. ఆ రూపాయి మాత్రం ఎవరికీ ఇవ్వలేను. చేరినవాడే ఇవ్వాలి దాన్ని.