నివియాక్ నీడ మా ఇంట్లో ఉంది

పొద్దున్నే ఊరి రేడియోలో మూడు కబుర్లు వచ్చాయి. సహకార దుకాణంలో నారింజలు దిగాయి. జోసెపీ కుక్క మళ్ళీ తాడు తెంపుకుంది. మూడోది సియాసి గొంతు: "నివియాక్ నీడ మా ఇంట్లో ఉంది, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి."

రొట్టెపిండి పిసుకుతున్న లేయా కూతురి వంక చూసింది. "ఈ వారంలో ఇది నాలుగోసారి."

"ఎండ బాగుందని తిరుగుతోందిలే," అంది నివియాక్.

ఎండ వల్ల కాదని ఊరందరికీ తెలుసు. ఎవరిని చూసి కళ్ళు కుడితే వాళ్ళ గడపకే నీడ వెళ్ళి కూర్చోవడం ఆ మంచుతీరంలో తాతల నాటి సంగతి. శీతాకాలంలో సూర్యుడే రాడు కాబట్టి అసూయలన్నీ గుట్టుగా గడిచిపోతాయి. ఏప్రిల్ వచ్చిందా, అందరూ దొరికిపోతారు.

సియాసి నివియాక్‌కు పిన్ని కూతురు, ఇరవై ఒక్కేళ్ళది. అమ్మమ్మ పోయిన వారానికే పుట్టిందని ఆవిడ పేరే పెట్టారు. పేరు పెడితే మనిషే తిరిగొచ్చినట్టు. అందుకని లేయా ఆ పిల్లను "అమ్మా" అంటుంది. ఇరవై తొమ్మిదేళ్ళ నివియాక్ "అమ్మమ్మా" అనాలి. అమ్మమ్మకు చేప తల ఇష్టం, కాబట్టి చేప తల సియాసిది. పొయ్యి పక్క కుర్చీ కూడా సియాసిదే. ఇవన్నీ నివియాక్ ఓర్చుకుంది. శిక్షణ నిధి దగ్గరే ఓర్వలేకపోయింది.

ఆదివాసీ నటులకూ సినిమాలు తీసేవాళ్ళకూ ఇచ్చే నిధి అది. ఏటా ఆ తీరానికి ఒక్క నటన సీటు: దక్షిణాన ఏడాదిపాటు పెద్ద నటుల దగ్గర నేర్చుకోవడం, ఖర్చంతా వాళ్ళదే. ముప్పై నిండితే దరఖాస్తు చెల్లదు. నివియాక్‌కు జూలైలో ముప్పై. పదేళ్ళుగా ఊరికొచ్చిన ప్రతి సినిమా బృందం వెనకా తిరిగింది. కుక్కల్ని పట్టుకుంది, సీల్ తోలు బూట్లు కుట్టిపెట్టింది. తెర మీద ఆరుసార్లు కనిపించింది, ఆరుసార్లూ వీపే. ఇక సియాసి నిరుడు సరదాగా కెమెరా ముందు నిలబడింది. ఈ ఏడు తనూ దరఖాస్తు పెట్టేసింది.

నీడ కోసం వెళ్తే సియాసి తలుపు తీసింది. "రా మనవరాలా. నీ నీడ టీ తాగనంటోంది, నువ్వన్నా తాగు."

"నాకు పనుంది అమ్మమ్మా."

"ఒక్క మాట విని వెళ్ళు. నిన్న మంచు మీద నిధికి పంపే వీడియో తీస్తున్నాం. నేను ముసలమ్మలా గాలం ఆడిస్తూ చేపతో మాట్లాడుతున్నానా, ఇది వెనక చేరి నన్ను వెక్కిరించింది. ఆ పైన అలిగి కుక్కల బండి పక్కన చతికిలబడింది. చివరికి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది."

"మళ్ళీ తీసుకోకపోయావా?"

"బుద్ధి పుట్టలేదు. అలాగే పంపేశా."

నివియాక్ నీడను వెంటబెట్టుకుని వచ్చేసింది. తన వీడియో కూడా నిన్ననే పంపింది. అందులో కొండకు నీడుంది, బండికి నీడుంది, టీ కెటిల్‌కు కూడా ఉంది. తనకొక్కదానికే లేదు.

మూడు వారాల తర్వాత మధ్యాహ్నం, లేయా ఇంట్లో ముగ్గురూ నేల మీద అట్ట పరిచి గడ్డకట్టిన చేప కోసుకుంటుండగా సియాసి ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ పెట్టి నేల మీదే ఉంచింది. నిధి కమిటీ ఆవిడ.

"సియాసి గారూ, మీ వీడియోలో వెనక నటించిన నీడ ఎవరిది?"

"మా మనవరాలు నివియాక్‌ది. ఇరవై తొమ్మిదేళ్ళు."

ఆవిడ కాసేపు కాగితాలు తిరగేసింది. "సీటు మీకే ఇద్దామనుకున్నాం. కానీ అందరి కళ్ళూ ఆ నీడ మీదే ఉన్నాయి. ఆవిడ దరఖాస్తూ ఇక్కడుంది. మీరు ఒప్పుకుంటే ఈ ఏడు ఆవిడకిచ్చి, వచ్చే ఏటి సీటు మీకు ఉంచుతాం. సరేనా?"

సియాసి నివియాక్ వంక చూసింది. మెల్లగా రెండు కనుబొమలూ పైకెత్తింది. ఆ ఊళ్ళో అవునని అంతకంటే గట్టిగా ఎవరూ చెప్పరు.

ఫోన్‌కు కళ్ళుండవు కదా. "హలో? ఇష్టం లేదనుకోమంటారా?"

సియాసి కనుబొమలు ఇంకాస్త పైకి పోయాయి. నివియాక్ ఫోన్ వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. తనే చెబితే అమ్మమ్మ నోటి దగ్గరిది లాక్కున్నట్టు. చెప్పకపోతే, జూలై.

లేయా కత్తి పక్కన పెట్టి ఫోన్ మీదికి వంగింది. "మా అమ్మ కనుబొమలెత్తిందండీ. రెండుసార్లు."

"మీ అమ్మగారా? నేను సియాసి గారితో మాట్లాడుతున్నాను."

"ఆవిడే."

అవతల కలం గీరిన చప్పుడైంది. "సరే. అవునని రాసుకుంటున్నాను."

సియాసి చేప తలను నివియాక్ ముందుకు తోసింది. "తిను మనవరాలా. పదేళ్ళుగా నువ్వు దాన్ని చూసే చూపు చూడలేకపోతున్నా."

నివియాక్ తింది. అంత గొప్పగా ఏం లేదు, ముళ్ళెక్కువ. తలొంచుకుని చూస్తే, నీడ పిలవకుండానే తన కాళ్ళ దగ్గర ఒద్దికగా కూర్చునుంది.

జూన్‌లో విమానమెక్కింది. దక్షిణాన ఉన్న ఆ నగరంలో బస్సు కోసం నిలబడి కిందికి చూస్తే, ఎండలో ఆమె పాదాల దగ్గర రెండు నీడలున్నాయి. రెండోది కాస్త పొట్టిది. ఎక్కడికెళ్ళినా పొయ్యి పక్కనే కూర్చునే మనిషిలా దర్జాగా ఉంది.

నివియాక్ ఊరి రేడియోకు ఫోన్ చేసింది.

"సియాసి నీడ నా దగ్గరుంది," అంది. "నేను పంపను. వచ్చే ఏడు తనే వచ్చి తీసుకెళ్ళాలి."