ఏడో వరుస

"దొరసాని ఎడమ వెనక కాలు మీద బరువు వెయ్యట్లేదు" అన్నాడు మా ఆయన, వరండాలో కూర్చుని టీ తాగుతూ, నలభై అడుగుల దూరం నుంచి. దొరసాని అంటే మా ముసలి ఆడగుర్రం. అది అప్పుడే శాలలోంచి బయటికొచ్చి నాలుగడుగులు వేసిందంతే. ఆయనకీ దానికీ మధ్యలోంచి నేను వెళ్తున్నాను, లద్ది నిండిన చక్రాల బండి తోసుకుంటూ, పదకొండు రోజులుగా ఈడుస్తున్న ఎడమ కాలు ఈడ్చుకుంటూ. నేను అడ్డమొచ్చానని ఆయన మెడ పక్కకి వంచి మరీ దాన్ని చూశాడు. "కాస్త తప్పుకో, కనపడట్లేదు" అన్నాడు.

తప్పుకున్నాను. పదిహేడేళ్ల కాపురంలో తప్పుకోవడం మాత్రం బాగా వంటబట్టింది నాకు.

టీ కప్పు నా చేతిలో పెట్టి ఒక్క అంగలో వెళ్లాడు దాని దగ్గరికి. వెళ్లాడంటే తిన్నగా మీద పడలేదు. ముందు పేరు పెట్టి పిలిచాడు. అది చెవులు ఇటు తిప్పాక భుజం వైపు నుంచి వెళ్లి మెడ మీద చెయ్యి వేశాడు. "ఏమ్మా, నొప్పిగా ఉందా తల్లీ? ఎప్పట్నించే? నాకు చెప్పలేదేం?" అన్నాడు. ఆ గొంతు వినాలి మీరు! వెన్న రాసినట్టుంటుంది. నన్ను పిలిచేటప్పుడు ఆ గొంతు ఎక్కడ తాకట్టు పెట్టొస్తాడో తెలీదు. నన్ను "ఇదిగో" అంటాడు. ఇదిగో, తువ్వాలేది. ఇదిగో, నాలుగోసారి పిలుస్తున్నా, చెవుడా. ఆ రోజూ అంతే. "ఇదిగో, బోర్డు మీద రాయి. దొరసానికి పది రోజులు సెలవు. డాక్టర్ని పిలుస్తున్నా" అన్నాడు. ఒక చేత్తో ఆయన ఎంగిలి కప్పు పట్టుకుని ఇంకో చేత్తో రాశాను.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. శాల గుమ్మం పక్కన గోడకి పెద్ద నల్లబోర్డు ఉంటుంది. ఎనిమిది వరుసలు, వరుసకి ఐదు గడులు. పేరు, ఒంట్లో బాధ, రోజుకి ఎన్ని గంటల పని, ఎంత బరువు మొయ్యొచ్చు, సెలవు ఎప్పుడు. మాకు గుర్రాలు ఆరే, కాబట్టి అడుగున రెండు వరుసలు ఎప్పుడూ ఖాళీ. పైన ఎర్ర రంగుతో మా ఆయన సొంత చేత్తో రాశాడు: "డాక్టరు చీటీ ఉంటే ఇక్కడ రాసిందే మాట. మళ్లీ డాక్టరు చెప్పేదాకా ఎవరూ చెరపకూడదు." ఒకసారి ఎవరో పెద్ద అధికారి తన కొడుకు పుట్టినరోజుకి దొరసాని మీదే ఊరేగించాలని పట్టుపట్టాడట. దానికి అప్పుడు వీపు మీద జీను ఒరుసుకుని పుండు. మా ఆయన బోర్డు చూపించి, "మీరు కాదు కదా, మా అమ్మొచ్చి అడిగినా చెరపను" అని పంపించేశాడట. ఈ కథ ప్రతి ఆదివారం చెప్తాడు. నేను ప్రతి ఆదివారం వింటాను, టీ ట్రే పట్టుకుని.

ఆదివారం ఏంటంటే, మా ఆయన క్లాసు. మామూలు రోజుల్లో గుర్రపుస్వారీ నేర్పుతాడు. ఆదివారం మాత్రం బంధాలు నేర్పుతాడు. గుర్రాల్ని చూసి మనుషులు ఎలా బతకాలో, భార్యాభర్తలు ఒకర్నొకరు ఎలా చూసుకోవాలో చెప్తాడు. జంటలు జంటలుగా వస్తారు. పాపం మంచి మాటలే చెప్తాడు, కాదనను. వెనక నుంచి వెళ్లి ముట్టుకోకండి, ముందు పిలవండి. పగ్గం లాగితే లాగారు, అది ఒక్కడుగు వెయ్యగానే వదిలెయ్యండి, ఆ వదలడంలోనే ఉంది పాఠమంతా. చెవులు వెనక్కి పెట్టిందంటే మీరేదో తప్పు చేశారని, దానికి పొగరని కాదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే టైపు చేసి పంచేది నేనే. "ఇంట్లో మనిషి మౌనాన్ని కూడా వినండి" అని ఒక వాక్యం ఉంది. అది టైపు చేస్తుంటే వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడుతోందని నా మీద అరిచాడు.

గుర్రాల్ని చూసుకునే మనిషి మానేసి ఏడు నెలలైంది. "మంచివాడు దొరికేదాకా నువ్వు కాస్త చూడు" అన్నాడు మా ఆయన. మంచివాడు దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి, నేను దొరికాక ఇంక వెతకడమెందుకు? తెల్లారకముందే నీళ్ల బకెట్లు, ఎండుగడ్డి మోపులు, ఆరు శాలల లద్ది, ఆ తర్వాత ఇంట్లో వంట, మళ్లీ మాలిషు, మళ్లీ దాణా. గడ్డి మోపు ఎత్తుతుంటే ఒక రోజు నడుంలో ఏదో కలుక్కుమంది. అప్పట్నించి నొప్పి పిక్క దాకా దిగి, ఎడమ కాలు నాది కాదన్నట్టు తయారైంది. అత్తయ్యతో చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా, "నడుం నొప్పా? మాకూ ఉండేవమ్మాయ్ నడుములు. మేం చెప్పుకుని తిరిగామా?" అన్నారు. ఆవిడ మాట పూర్తిచేసి లేవబోతూ బల్ల పట్టుకుని రెండు నిమిషాలు అలాగే నిలబడిపోయారు. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను, కోపంగా ఉందిగా మరి.

దొరసానికి డాక్టరొచ్చి వెళ్లిన రెండో రోజు నేనూ డాక్టరు దగ్గరికెళ్లాను, బస్సెక్కి, ఒక్కదాన్నే. ఆ డాక్టరమ్మ స్కానింగు తీయించి, ఫిల్ము చూసి, వెన్నులో డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందంది. మూడు వారాలు పూర్తిగా విశ్రాంతి, బరువులెత్తకూడదు, వంగకూడదు. వినకపోతే కాలు పట్టు తప్పిపోవచ్చు, ఆపరేషన్ చేసినా తిరిగొస్తుందని చెప్పలేను అంది. "మీరు ఏం పని చేస్తుంటారు?" అని అడిగింది. "ఇంట్లోనే ఉంటానండీ" అన్నాను. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక తట్టింది ఏమన్నానో. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

సాయంత్రం చీటీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. చదవలేదని అనకూడదు. చదివాడు. చదివి దాని మీద టీ కప్పు పెట్టాడు. "ఈ నెల ఎలా కుదురుతుందే? దొరసానికి సెలవిచ్చాం కదా, మిగతావాటి మీద ఎంత పని పడిందో చూస్తున్నావుగా" అన్నాడు. "నువ్వు మరీ సుకుమారం అయిపోతున్నావు. వేడినీళ్ల కాపడం పెట్టుకో." నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గుర్రం సెలవులో ఉంది గనక నాకు సెలవు లేదు! చీటీ తీసి జేబులో పెట్టుకున్నాను. దాని మీద గుండ్రంగా టీ మరక.

ఆ రాత్రి నుంచి ఆదివారం దాకా నా లోపల ఒకటే గొణుగుడు. ఎవరి మీద కోపమో కూడా తెలీదు. ఆయన మీదా, మాకూ ఉండేవి నడుములు అన్న అత్తయ్య మీదా, ఇంట్లోనే ఉంటానన్న నా మీదా. ఆఖరికి దొరసాని మీద కూడా. ఎండలో ఆ కాలు కాస్త ఎత్తి పెట్టి హాయిగా నిలబడి ఉంటుంది. క్షమించండి, మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అనదు. కాస్త తగ్గింది, ఇంకో రౌండు వెయ్యగలను అని ఎవరి మెప్పు కోసమూ లేవదు. నొప్పి పుట్టింది, నిలబడింది, అంతే. ఈ చిన్న ముక్క మా ఆయన క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే నేను ఎప్పుడో విని ఉండేదాన్ని.

ఆదివారం ఆరు జంటలొచ్చాయి. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని (ఇస్త్రీ ఎవరు చేశారో అడక్కండి) మైదానం మధ్యలో నిలబడ్డాడు. "గుర్రం నొప్పిని దాచుకుంటుంది. మందలో కుంటేదాని వెంటే తోడేలు పడుతుంది కాబట్టి, అది వీలైనంతవరకు బయటపడదు. మీ ఇంట్లో మనిషీ అంతే. నోరు తెరిచి చెప్పేదాకా ఆగారా, మీరు ఆలస్యం చేసినట్టే. చూడండి. చూడటం నేర్చుకోండి. చూడటమే ప్రేమ" అన్నాడు. ఒకావిడ కళ్లొత్తుకుంది. అధికారిగారి కథ కూడా చెప్పాడు, బోర్డు చూపించి, మా అమ్మొచ్చి అడిగినా చెరపనన్న ముక్కతో సహా. తర్వాత నా వైపు తిరిగి, "ఇదిగో, జడ్జిని తిప్పు" అన్నాడు. జడ్జి మా పెద్ద గోధుమరంగు గుర్రం, ముఖం మరీ గంభీరంగా ఉంటుందని ఆ పేరు. నేను పగ్గం పట్టుకుని దాన్ని గుండ్రంగా నడిపిస్తుంటే వీళ్లంతా చూసి, నడకలో తేడా ఉందేమో చెప్పాలన్నమాట. ఏ తేడా లేదని ఆయనకి తెలుసు. ఆరోగ్యంగా ఉన్న నడక ఎలా ఉంటుందో చూపించడానికే ఆ పరీక్ష.

సగం చుట్టు తిరిగామో లేదో, వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. పళ్ల డాక్టరట, మొగుడు పక్కన కూర్చుని ఆవులిస్తున్నాడు. "ఎడమ కాలు తేడాగా ఉందండీ" అంది.

మా ఆయన నవ్వాడు. "బాగా చూడండి. ముందుదా, వెనకదా?"

"ఆవిడకి ఉన్నవే రెండు కదండీ" అంది పళ్ల డాక్టరమ్మ. "నేను చెప్పేది గుర్రం సంగతి కాదు. పట్టుకుని నడిపిస్తున్నావిడ సంగతి. చాలా బాధపడుతున్నారావిడ."

పన్నెండు మందీ నా కాలు వైపు చూశారు. మా ఆయనా చూశాడు. ఒక్క క్షణం చూశాడు. మళ్లీ అదే నవ్వుతో, "ఓ, ఆవిడా! ఆవిడ నడక ఎప్పుడూ అంతేనండీ" అన్నాడు.

ఎప్పుడూ అంతే! ఒరే నాయనా, పెళ్లయిన కొత్తలో మీ చెల్లెలి వెంట మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కేదాన్ని నేను. నెల కిందటి దాకా నీ గుర్రాల వెంట పరిగెత్తాను. పదిహేడేళ్లు ఒక కప్పు కింద ఉండి, నా నడక ఎలా ఉంటుందో తెలీదా నీకు? ఆగిపోయాను. నేను ఆగితే జడ్జీ ఆగింది. మా ఆయన నాలుకతో టక్ టక్‌మని అదిలించాడు. దాన్ని అదిలించాడో నన్నో తెలీదు. ఇద్దరం కదల్లేదు.

తర్వాత పగ్గం తీసి ఆవులించే మొగుడి చేతిలో పెట్టి, కుంటుకుంటూ, ఏమాత్రం దాచకుండా కుంటుకుంటూ, మైదానం దాటి బోర్డు దగ్గరికెళ్లాను. ఏడో వరుస మొదటి గడిలో నా పేరు రాశాను. ఏడు నెలలుగా ఆ బోర్డు మీద రాస్తున్నది నేనే, నా పేరు రాయడం అదే మొదలు. ఒంట్లో బాధ: నడుం, ఎడమ కాలు. పని గంటలు: లేవు. మొయ్యగల బరువు: సున్నా. సెలవు: మూడు వారాలు. జేబులోంచి చీటీ తీసి పక్కన మేకుకి గుచ్చాను, టీ మరక అందరికీ కనపడేలా.

మా ఆయన పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు. ముందు పిలవలేదు, వెనక నుంచే వచ్చాడు. "ఇదిగో, ఏంటీ వేషాలు? నలుగురిలో పరువు తీస్తావా?" అన్నాడు పళ్ల బిగువున, మొహం మీద నవ్వు చెదరకుండా. తుడిచే గుడ్డ అందుకున్నాడు.

"డాక్టరు చీటీ ఉందండీ" అన్నాను. మిగతాది పైన ఎర్ర రంగుతో ఆయనే రాసి పెట్టాడు.

వెనకాల జంటలన్నీ చేరాయి. ఆయన చెయ్యి గుడ్డతో సహా గాల్లో అలాగే ఉండిపోయింది. ఇంతలో టీ బల్ల దగ్గర్నుంచి అత్తయ్య నెమ్మదిగా వస్తూ కనిపించారు, దారిలో కంచె పట్టుకుంటూ. ఇంకేముంది, అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయనకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "అమ్మా, నువ్వైనా చెప్పవే దీనికి" అన్నాడు.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని బోర్డు మొత్తం చదివారు, పై నుంచి కిందికి, ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి. ఆవిడ ఎప్పుడూ శాల వైపు రారు, ఆ బోర్డు చదవడం అదే మొదటిసారి. "ఈ గుర్రానికి రోజుకి మూడు గంటలేనా పని?" అని అడిగారు.

"అవునత్తయ్యా."

"వారానికో రోజు సెలవు కూడానా?"

"అవునత్తయ్యా. అన్నిటికీ."

ఆవిడ కొడుకు వైపు ఒక చూపు చూశారు. చేతిలో గుడ్డ లాక్కుని, మడిచి, నడుముకి దోపుకున్నారు. తర్వాత ఏడో వరుస కింద వేలు పెట్టి, "ఇది ఖాళీయే కదా. నాది రాయి అమ్మాయ్. మోకాళ్లు. రెండూనూ" అన్నారు.

చాక్‌పీసు ఎనిమిదో వరుస మీద ఆనించాను. "రాస్తాను. కానీ డాక్టరు చీటీ కావాలత్తయ్యా" అన్నాను, ఏమనాలో తోచక.

"ఉంది. బీరువాలో చీరల కింద" అన్నారు అత్తయ్య. "ఇరవై రెండేళ్లయింది. మీ మావయ్యకి చూపిద్దామంటే, ఒక్కనాడూ ఆయనకి తీరిక దొరకలేదు."