ప్రమీలమ్మ బ్రేకు

పేపరు రాగానే ప్రమీలమ్మ ముందు జిల్లా పేజీ తిప్పుతుంది. రోడ్డు ప్రమాదాలన్నీ అక్కడే ఉంటాయి. ఊరి పేరు చూస్తుంది, బండి రంగు చూస్తుంది, పోయినవాళ్ల వయసు చూస్తుంది. తనవాళ్లెవరూ లేరని తేలాకే పక్కన కాఫీ చల్లారిపోయిందన్న సంగతి గుర్తొస్తుంది. ఏడో తరగతితో ఆగిన చదువు ఆమెకు ఎక్కువగా ఉపయోగపడింది ఇందుకే.

కూతురు భానుప్రియ రోజూ మనుబోలు నుంచి నెల్లూరికి స్కూటీ మీద పోతుంది. అక్కడ ఒక కార్ల షోరూములో, సర్వీసు విభాగంలో ఉద్యోగం. పాతిక కిలోమీటర్ల పైనే హైవే. వెంకటాచలం దాటాక ఒక ఫోను, షోరూములో అడుగు పెట్టాక ఒక ఫోను చెయ్యాలి. ఆ ఫోను రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ప్రమీలమ్మ పొయ్యి ఆర్పేసి వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. ఎవరైనా వచ్చి చెప్పేది ఉంటే వాకిట్లోనే వినెయ్యాలని.

ఇంత భయపడే మనిషి విషయంలో దేవుడు ఎప్పుడూ పక్కదారినే వచ్చాడు. భర్త హజరత్తయ్య రోడ్డు మీద పోతాడేమోనని ఆమె వణికినన్నాళ్లూ ఆయనకు చిన్న గీత కూడా పడలేదు. నాలుగేళ్ల కిందట, తన ఎరువుల కొట్లో, కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు చేతిలో ఉండగానే తల వాల్చేశాడు. కుర్చీ గురించి ప్రమీలమ్మ ఒక్కనాడైనా భయపడలేదు.

ఆయన వదిలివెళ్లిన పాత ఫియట్ కారు ఇంటి పక్క రేకుల కింద పట్టా కప్పుకుని ఉండిపోయింది. మీగడ రంగు కారు. భాను రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కావలిలో ఒక డాక్టరు దగ్గర కొన్నాడు. అందులోనే సముద్రం ఒడ్డున రొయ్యల గుంటల దాకా సరుకు వేసుకుపోయేవాడు. ఆ ఉప్పు గాలికి కారు అడుగు జల్లెడ అయిపోయింది.

ఆ కార్లో ప్రమీలమ్మకు సొంతమైనది ఒకటుంది. మొదటి రోజుల్లో ముందు సీట్లో కూర్చుంటే ఎదురుగా ఏది వచ్చినా ఆమె కాలు టపీమని నేలను తన్నేది. "నేలకు బొక్క పడతాదే" అని హజరత్తయ్య నవ్వేవాడు. ఒకరోజు కావలి పోయి, డ్రైవింగు నేర్పే పాత కారు పాడుబడి ఉంటే, నేర్పే ఆయన కాలికింద ఉండే పెడలు ఊడదీయించుకొచ్చాడు. తనే పడుకుని, బోల్టులు బిగించి, లేచి చేతులు దులుపుకుని, "ఇదిగో, ఇంక నీ బ్రేకు నీది. భయమేసినప్పుడు తొక్కు. నా పర్మిషన్ అక్కర్లే" అన్నాడు.

ఆమె తొక్కింది. కారు నెమ్మదించింది. పంతొమ్మిదేళ్లు తొక్కింది. కల్వర్టు దగ్గర, స్కూలు గేటు దగ్గర, గేదెల దగ్గర. తొక్కినప్పుడల్లా కారు నెమ్మదించేది. "ఈయన్ని నమ్ముకుంటే ఎప్పుడో పోయుండేవాళ్లం, నా బ్రేకు కాపాడింది" అని చుట్టాలందరికీ చెప్పుకునేది. హజరత్తయ్య పక్కనే కూర్చుని, అవునన్నట్టు తల ఊపేవాడు.

*

కారును బాగు చేయిస్తానని భాను అన్నప్పుడు ప్రమీలమ్మ ముందు సంతోషించింది. హైవే పక్కన ఓబులేసు మెకానిక్ షెడ్డుకి కారును లాక్కుపోయారు. ఓబులేసు ప్రమీలమ్మకు తమ్ముడి లెక్క. ఒక ఆదివారం టిఫిన్ క్యారేజీ పట్టుకుని ప్రమీలమ్మ షెడ్డుకి పోయేసరికి ఇద్దరూ విప్పేసిన ఇంజన్ చుట్టూ తిరుగుతూ వాదించుకుంటున్నారు.

"పైకి మాత్రం నాన్న కారే మామా. రంగు అదే, సీట్లు అవే, స్టీరింగు పక్కన గేరు అదే. లోపల మాత్రం నేను చెప్పినట్టు చెయ్యాల" అంటున్నది భాను.

"అట్లయితే ఇది ఫియట్టు ఎట్లయితాది పాపా? మీ నాయన చొక్కా తొడుక్కున్న వేరే మనిషి అయితాడు."

"రోజూ నెల్లూరికి పోయి రావాల మామా. షోకేసులో పెట్టుకోడానికా?"

ఓబులేసు ప్రమీలమ్మ వైపు తిరిగాడు. "రా అక్కా, నువ్వే చెప్పు తీర్పు. ఈయమ్మ కొంచెం పెద్ద ఇంజన్ ఎక్కిచ్చమంటుండాది. అయిదు గేర్లంట. నూటికి పైన పోతాదంట."

"నూరా?" అన్నది ప్రమీలమ్మ. క్యారేజీ చేతిలోనే ఉండిపోయింది.

"గుండె మార్చి కాళ్లు పాతవే ఉంచితే ఏమైతాది? పరిగెత్తతాది, ఆగదు. అందుకని ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, నలుగురికీ బెల్టులు అంటుండాది. అదీ కరెక్టేలే. చెయ్యాలంటే అన్నీ చెయ్యాల, లేదంటే ఏదీ చెయ్యకూడదు."

ప్రమీలమ్మ చెవిలో పడింది ఒక్కటే. పరిగెత్తుతుంది, ఆగదు. తరవాత చెప్పిన బ్రేకులూ బెల్టులూ ఆమె వినలేదు. దోసెలు తినమని కూడా చెప్పకుండా ఇంటికి వచ్చేసింది.

భయమేస్తున్నదని చెబితే కూతురు నవ్వుతుంది. ఆ నవ్వు ఆమెకు తెలుసు, తండ్రి నవ్వే. అందుకని మరుసటి ఉదయం భాను చెప్పులు వేసుకుంటుంటే ఇంకో మాట ఎత్తుకున్నది.

"మీ నాన్న కారు మీ నాన్న కారులాగే ఉండాల. ఆయన లేడని ఆయన బండిని ఇష్టమొచ్చినట్టు చేస్తావా?"

"నాన్న ఉంటే వొద్దంటాడా అమ్మా?"

"అంటాడో లేదో నువ్వు చెప్పబాక. నాకు తెలుసు." కూతురి చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నది. "కంపెనీవోళ్లు ఏది ఇచ్చినారో అదే ఉండాల. ఇంక పరాయిది ఒక్క బోల్టు కూడా ఆ కార్లో ఉండకూడదు. నా మీద ఒట్టు."

"అది కాదమ్మా, ఆ బ్రేకులుంటేనే నేను హైవే మీద..." అని మొదలుపెట్టింది భాను.

"ఒట్టు పెట్టినాను."

"సరే" అన్నది భాను. చెయ్యి తీసుకుని స్కూటీ తాళం అందుకుని వెళ్లిపోయింది. వెంకటాచలం దాటాక ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉన్నది. ప్రమీలమ్మ గెలిచానని అనుకున్నది, ఆ పూట కాఫీ వేడిగా తాగింది.

తండ్రిలాగే ఆ పిల్లకు కూడా మాటంటే మాటే. ఏడు నెలలు కంపెనీ సామాన్ల కోసం తిరిగింది. మద్రాసు పోయి పాత అద్దాల చట్రాలు తెచ్చింది. అప్పటికే తెప్పించుకున్న డిస్క్ బ్రేకులను ఇంకొకాయనకు ఇచ్చేసింది. తుప్పు పట్టిన అడుగు కోసేసి కొత్త రేకు వేయించింది. హజరత్తయ్య డ్యాష్‌బోర్డు మీద పెట్టించిన చిన్న ఫ్యాను, రెండో హారను, తరవాత వచ్చి చేరినవన్నీ ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పడేసింది. ఇంటికి వచ్చి ఏమీ చెప్పేది కాదు. అడిగితే, "నువ్వు చెప్పినట్టే చేస్తుండా" అనేది.

*

కారు తయారైన ఆదివారం మైపాడు సముద్రానికి పోదామన్నది భాను. హజరత్తయ్య ఉన్నప్పుడు కార్తీక పౌర్ణమి స్నానానికి పోయేది అక్కడికే.

ప్రమీలమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మీగడ రంగు, వెండిలా మెరిసే బంపరు. డాక్టరు దగ్గర కొన్ననాడు కూడా ఇంత కొత్తగా లేదు. చెంగుతో తలుపు పిడి తుడిచి ఎక్కి కూర్చున్నది. ముందు సీటు ఒకటే పొడుగు బల్లలాగా ఉంటుంది, తల్లీ కూతుళ్ల మధ్య కొబ్బరికాయ సంచీ పెట్టుకున్నారు.

హైవే ఎక్కారు. భాను అరవై దాటించలేదు. లారీలు హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంటే ప్రమీలమ్మకు ప్రాణం హాయిగా ఉన్నది. వెంకటాచలం ఇంకా రెండు కిలోమీటర్లుందనగా రోడ్డు మధ్య చెట్లలోంచి గేదె ఒకటి దిగింది.

ప్రమీలమ్మ కాలు దానంతట అదే లేచి కింద పడింది. కింద ఏమీ లేదు. మెత్తటి కొత్త మ్యాటు. ఇంకోసారి తొక్కింది, పక్కకు జరిపి తొక్కింది. భాను రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని మీద నిలబడ్డట్టు బ్రేకు తొక్కింది. కారు కుయ్యిమంటూ, ఒక పక్కకు లాగుతూ, గేదె కొమ్ములకు నాలుగడుగుల దూరంలో ఆగింది. గేదె నిదానంగా చూసి వెళ్లిపోయింది.

"నా బ్రేకు ఏదిమే?" అన్నది ప్రమీలమ్మ.

భాను ఇంకా రొప్పుతున్నది. "ఏ బ్రేకు?"

"నా కాలికింద బ్రేకు! మీ నాన్న పెట్టించింది!"

"అదా. తీసేసినాం గదా."

"తీసేసినారా? బ్రేకు తీసేసి నన్ను ఎక్కిచ్చుకుని వచ్చినావా?"

"పరాయిది ఒక్క బోల్టు ఉండకూడదని ఒట్టు పెట్టింది ఎవరు?" భాను కారు పక్కకు తీసి ఆపింది. తల్లి ముఖం చూసి కొంచెం మెత్తబడింది. "అమ్మా, అది బ్రేకు కాదు గదా. దేనికీ తగిలిచ్చి లేదు. నేలకి నాలుగు బోల్టులు, కింద ఒక స్ప్రింగు. అంతే."

"ఊరుకో. పంతొమ్మిదేళ్లు తొక్కినా నేను. తొక్కినప్పుడల్లా ఆగింది."

"నాన్న ఆపేవాడు." భాను నవ్వబోయి ఆగిపోయింది. "నిజంగా నీకు తెలీదా? నేను వెనక సీట్లోంచి చూస్తా ఉండేదాన్ని. నీ కాలు లేస్తే చాలు, నాన్న కాలు లేచేది. ఓబులేసు మామ దాన్ని ఊడదీసేటప్పుడు కూడా అదే చెప్పుకుని నవ్వుకున్నాం. మీ ఇద్దరూ ఆడుకునే ఆట అనుకున్నా నేను."

ప్రమీలమ్మ ముందున్న రోడ్డు చూస్తూ కూర్చున్నది. కల్వర్టులన్నీ గుర్తొచ్చాయి. స్కూలు గేట్లు గుర్తొచ్చాయి. అవసరం లేని చోట, ఖాళీ రోడ్డు మీద, ఊరికే గుండె దడ వచ్చి తొక్కినప్పుడు కూడా కారు నెమ్మదించింది. విసుక్కోలేదు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

"అయితే నా కాలు చూస్తా బండి తోలినాడా ఈ మనిషి?" అన్నది చివరికి. "రోడ్డు చూడకుండా?"

ఆ మాటకు భానుకు నవ్వొచ్చింది. తల్లి కళ్లు చూశాక నవ్వు పోయింది.

"అది ఏదీ? ఇంట్లో పెట్టినావా?"

భాను ఫోన్ తీసి ఓబులేసుకు కలిపి స్పీకరు పెట్టింది.

"అదా అక్కా? యాడుండాది ఇంక! పోయిన నెల్లోనే పాత ఇనుం బండోడికి ఏసేసినాం. ఫ్యానూ, హారనూ, అన్నీ. ఈపాటికి కరిగిపోయుంటాది. ఎందుకు, ఏమైంది?"

"ఏం లేదు అబ్బయా" అన్నది ప్రమీలమ్మ. "ఊరికే అడిగినా."

మైపాడులో భాను టెంకాయ కొట్టింది. ప్రమీలమ్మ అలల దగ్గరికి పోలేదు. కారు నీడలో నిలబడి నున్నటి కొత్త అడుగు వైపు తలుపులోంచి వంగి చూసింది. బోల్టుల బొక్కలైనా మిగల్లేదు. ఆ కార్లో మొత్తం మీద హజరత్తయ్య తన చేత్తో చేసింది అదొక్కటే. దాన్ని తన నోటితోనే తీయించేసింది.

కొబ్బరి చిప్పలు పట్టుకుని భాను వచ్చింది.

"భానూ, నేను మీ నాన్న కోసం ఒట్టు పెట్టలా" అన్నది ప్రమీలమ్మ. "నాకు భయమేసి పెట్టినా. నూరు పోతాదంటే భయమేసింది."

భాను చిప్పలు సీటు మీద పెట్టింది. "ఆ మాటే చెప్పుంటే బాగుండు అమ్మా. పెద్ద ఇంజన్ వొద్దంటే మానేసేదాన్ని. బ్రేకులూ బెల్టులూ మాత్రం వేయించుకునేదాన్ని. ఇందాక చూసినావు గదా ఎట్లా ఆగిందో. ఈ కార్ని హైవే మీద రోజూ తిప్పలేను."

"మరి నెల్లూరికి?"

"స్కూటీనే."

అప్పటికి అర్థమైంది ప్రమీలమ్మకు. ఈ కారు మొదలుపెట్టింది స్కూటీ మానడానికి. లారీల పక్కన, వానలో, ఏ అడ్డమూ లేకుండా పోయే ఆ స్కూటీని మానిపించే దారి ఇంటి పక్క రేకుల కిందే ఉంటే, తనే ఒట్టు పెట్టి మూసేసింది.

"ఒట్టు వెనక్కి తీసుకుంటుండా. ఆ బ్రేకులు వేయించుకో."

"అవి ఇచ్చేసినాను గదా. మళ్లీ చూడాల, ఎప్పటికి దొరుకుతాయో." భాను కోపంగా అనలేదు. అలసటగా అన్నది, అది ఇంకా కష్టంగా తోచింది. "రా, ఎండ ఎక్కుతుండాది."

తిరుగుదారిలో కాలువ మీద ఇరుకు కల్వర్టు వచ్చింది. ఎదురుగా ట్రాక్టరు. ప్రమీలమ్మ కాలు లేచి మ్యాటు మీద పడింది. వెంటనే కారు నెమ్మదించింది. ఆమె తల తిప్పి చూస్తే, భాను కళ్లు అప్పుడే కిందనుంచి రోడ్డు మీదికి పోతున్నాయి.

ముందు హజరత్తయ్యే పక్కన కూర్చున్నట్టు తోచింది. తరవాత భయం వచ్చింది, ఎప్పటి భయమే.

"నా కాలు చూడబాక" అన్నది. "రోడ్డు చూడు."

"చూస్తానే ఉండా లేమ్మా."

మైలు దూరం పోయాక ఖాళీ రోడ్డు మీదే కాలు మళ్లీ లేవబోయింది. ప్రమీలమ్మ చెప్పులు విడిచి, చీర సర్దుకుని, రెండు కాళ్లూ పైకి తీసి సీటు మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నది. పాదాల మీద చెంగు కప్పుకున్నది, కూతురికి కనబడకుండా.