అక్క లేని కోర్టు

చిన్నవాళ్లు పెద్దవాళ్లకు మర్యాద ఇచ్చే జట్టే గెలుస్తుందని మొయినాబాదు దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీలో అందరూ నమ్ముతారు. ఆ నమ్మకంతోనే అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు రెండేళ్లు వరుసగా ఓడింది. కరస్పాండెంటు ఆనంద్ బాబు దక్షిణం వైపు బుట్టను అనుమానించి దానికి నిమ్మకాయలు కట్టించాడు. ఓటములు ఆగలేదు.

సెమీఫైనల్ రోజు పొద్దున కూడా కోచ్ పరమేష్ ఎప్పటిలాగే తడిసిన కాన్వాసు బూట్లను స్టోరు గది కిటికీకి ఆరవేసి, చెప్పులతో వాననీటిని కోర్టు బయటికి తోస్తున్నాడు. యాభై దాటిన ఎండు దేహం, ఎడమ మోకాలికి సాగే పట్టీ, మోచేతుల దగ్గర వెలిసిన ట్రాక్‌సూటు. ఎన్నో ఏళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ప్రతి వేసవిలోనూ ఉద్యోగం ఉంటుందో పోతుందో ఎవరూ చెప్పరు.

ఆ ఏడాది జూలైలో ఒక ప్రాక్టీసులో, షాబాద్ నుంచి వచ్చే మొదటి సంవత్సరం అమ్మాయి వర్షిత బుట్ట కిందే ఒంటరిగా నిలబడి ఉండి కూడా, దూరంగా ఉన్న కెప్టెన్ పూర్ణిమకు బంతి ఇచ్చేసింది. ఎందుకని పరమేష్ అడిగాడు.

"అక్క అడిగినంక ఇయ్యకుంటె ఎట్ల సార్?"

వారం రోజులు గమనించాడు. చిన్నవాళ్లందరిదీ అదే వరస. కోర్టు గీతల లోపల 'అక్క' అన్న మాట వినపడకూడదని, తనను సైతం పేరుతోనే పిలవాలని చెప్పాడు. రెండోదానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. కొద్ది వారాల్లోనే జట్టు గెలవడం మొదలుపెట్టింది.

సెమీఫైనల్ రోజు పొద్దున, నీళ్లు తోయడం పూర్తికాకముందే ఆనంద్ బాబు అతన్ని పిలిపించాడు. పూర్ణిమ తండ్రి భూములున్నవాడు, రాజకీయాల్లో తిరిగేవాడు. నిన్నమొన్న వచ్చిన పిల్లలు తన కూతురిని ఉత్త పేరుతో అరుస్తున్నారని ఫిర్యాదు చేశాడట. సాయంత్రం చేవెళ్లలో మ్యాచ్‌కు ఆయనా వస్తున్నాడు. అక్కడ అదే పిలుపు వినిపిస్తే పరమేష్ ఇక కాలేజీకి రానక్కరలేదన్నాడు ఆనంద్ బాబు.

"పేరు వెట్టిందే పిలవనీకె గద సార్," అనేసి పరమేష్ బయటికి వచ్చాడు.

చేవెళ్ల బస్సులో అతను పిల్లల దగ్గర ఏదీ దాచలేదు. ఎలా పిలవాలన్నది వాళ్ల ఇష్టమన్నాడు. పూర్ణిమ వర్షిత వైపు తిరిగింది.

"మా బాపు ముంగటనే పిలువు. జర గట్టిగ పిలువు, ఆయనకు కుడిచెవు సరిగ వినవడదు."

మ్యాచ్‌లో వర్షిత అలాగే పిలిచింది. పిలిచిన ప్రతిసారీ పూర్ణిమ తండ్రి ముందుకు వంగి ఆనంద్ బాబుతో ఏదో అన్నాడు. ఆట చివరికి వచ్చేసరికి స్కోరు సమానం. పూర్ణిమ కుంటడాన్ని దాచుకుంటున్నది. వర్షిత బెంచీ వైపు తిరిగింది.

"పరమేష్! టైమవుట్ తీస్కో. పూర్ణిమకు కాలు గుంజుతున్నది."

పరమేష్ లేచి టైమవుట్ అడిగాడు.

ఆట మళ్లీ మొదలైంది. ఆఖరి బంతికి పూర్ణిమ చేయెత్తి అడిగింది. వర్షిత ఇవ్వలేదు. తానే వేసింది. బుట్టలో పడింది.

బయట కారు దగ్గర ఆనంద్ బాబు, గెలుపు గెలుపే గానీ రేపటి నుంచి రావద్దన్నాడు.

"ఫైనల్ల గూడ పేర్లతోనే పిలుస్తరు సార్," అన్నాడు పరమేష్. "నేనున్నా, లేకున్నా."

పిల్లలను బస్సెక్కించి, తాను మరో బస్సులో వెళ్లిపోయాడు.

ఫైనల్ ఆదివారం జరిగింది. కోచ్ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. జట్టు గెలిచింది. కాలేజీ స్టోరు గది కిటికీ ఊచలకు, లేసులు ముడివేసి ఆరవేసిన పరమేష్ కాన్వాసు బూట్లు అలాగే వేలాడుతున్నాయి.