బొందలగడ్డ కొలతలు

జేసీబీ బకెట్టులో మట్టితోపాటు పెద్దులు పుర్రె లేచింది.

బిక్షమ్మ చూసింది. కూలికి పోతూ, సద్ది టిఫిను చేత పట్టుకుని మోత్కూరు రోడ్డు మీద నిలబడి చూసింది. క్రషర్ దుమ్ము ఊపిరితిత్తుల నిండా నింపుకుని మూడేండ్ల కింద పోయిన మొగుడు పెద్దులును పూడ్చిపెట్టిన చోటది. తలాపున తానే మోసుకొచ్చి నాటిన రాయి పక్కకు దొర్లి ఉంది. టిఫిను వదిలేసి, "ఆపురా, నీ పాడెగట్ట!" అని అరుస్తూ ఉరికి బండికి అడ్డం పడింది. డ్రైవరు భయపడి ఆపేశాడు. కారు దిగి వచ్చిన వెంచర్ యజమాని సైదులు పటేలుకు భయమెందుకుంటుంది?

"ఏందే లొల్లి? ఆడ ఏమున్నయ్, నాలుగు బొక్కలే గద. మూలకు మూటగట్టి పెట్టిస్త, పో."

"మా బొందలగడ్డ పటేలా ఇది! మా అత్తమామలు, మా ఆయన, అందరు ఈడనే ఉన్నరు!"

"నీ పేరు మీద పట్టా ఉన్నదా? లేదు గద. మరి లెవ్."

ఇద్దరు మనుషులు ఆమెను రెక్క పట్టి రోడ్డు దాకా గుంజుకుపోయారు. వాళ్లు వదలగానే మళ్లీ వెనక్కి వచ్చి, మట్టిలో కూర్చుని, దొరికిన ఎముకలన్నీ ఏరి కొంగులో మూటగట్టింది. ఏడుపు రాలేదు.

చెప్పుకుంటే సిగ్గుగానీ, ఈ సంగతి ఆమెకు నెల కిందే తెలుసు. పదో తరగతి చదివే కూతురు భాగ్యశ్రీ వచ్చి, "అమ్మా, వెంచర్ రాళ్లు మన బొందలగడ్డల పాతుతున్నరు. మేం కొలిచి చూసినం" అంది. మేం అంటే వాడ యువజన సంఘం. అప్పుడు బిక్షమ్మ ఏం చేసింది? చెంప ఛెళ్లుమనిపించింది. "బడికి పో, ఇంటికి రా అన్ననా లేదా? ఆ సంఘంల పోరగాండ్లతోని తిరుక్కుంట రాళ్లు లెక్కవెట్టమన్ననా?" అంది. వాడలో ఏ తల్లినడిగినా అదే మాట. సంఘమంటే క్యారమ్ బోర్డు, గణపతి చందాలు, చివరికో పోలీసు కేసు. తల్లుల ఆ భయం పటేలుకు ఎంత కలిసొచ్చిందో ఇవాళ ఆమెకు తెలిసొచ్చింది.

మూట చంకన పెట్టుకుని తిన్నగా సంఘం రూముకు పోయింది. రెండో శనివారం, బడి లేదు. రేకుల గదిలో పదిహేనుమంది ఉన్నారు. గోడకు ఊరి భూముల నక్ష వేలాడుతోంది. సంఘం అధ్యక్షుడు డానియల్, ఇండ్లకు రంగులేసే పిల్లగాడు. అతని పక్కన కురుమయ్య. సర్వే ఆఫీసులో ముప్పై ఏండ్లు కొలత గొలుసు లాగి రిటైరైన ఆ ముసలాయనే పిల్లలకు భూమి కొలవడం నేర్పుతున్నాడు.

మూట చూసి అందరూ లేచి నిలబడ్డారు. భాగ్యశ్రీ వచ్చి తల్లి భుజం పట్టుకుంది. నేను ముందే చెప్పిన గదా అనలేదు. అన్నా బాగుండుననిపించింది బిక్షమ్మకు.

"జేసీబీని తగలవెడ్దం!" పండ్లు కొరికాడు డానియల్.

"తగలవెడ్తే వానికి ఇన్సూరెన్సొస్తది, మనకు జైలొస్తది." కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న విజేందర్ అడ్డం తగిలాడు. "నా మీద కేసైతే నౌకరి పాయె. ఎమ్మార్వోకు ఇంకో అర్జీ ఇద్దం."

"మొదటిది ఏమైంది బిడ్డా?" బిక్షమ్మ అడిగింది.

"నెలైంది అత్తా. చూస్తమన్నరు."

"వాళ్లు చూసేలోపట మీ మామ ప్లాటైండు."

కురుమయ్య గోడ మీది నక్ష చూపించాడు. "చెల్లే, మెత్తగున్నోన్ని చూస్తే మొత్తబుద్ధయితది. పటేలు సూపే పట్టా కాయితం దొంగది. నక్షల మన బొందలగడ్డ ఎకరం పన్నెండు గుంటలు. నీ బిడ్డనే గొలుసు వట్టి కొలిచింది. వాని గోడ అరువై ఎనిమిది ఫీట్లు లోపటికొచ్చింది."

బిక్షమ్మ కూతురిని కొత్తగా చూసింది. "గివన్ని బడిల నేర్పరా?"

"బడిల త్రిభుజం వైశాల్యం చెప్తరమ్మా. ఆ త్రిభుజం ఎవడు గుంజుకున్నడో సంఘంల తెలుస్తది."

బిక్షమ్మ మూట ముడి బిగించింది. తర్వాత అడిగింది. "ప్లాట్లు కొనేటోళ్లు ఎన్నడొస్తరు?"

"రేపే. హైదరాబాద్ నుంచి రెండు బస్సులు."

"మంచిగైంది. సచ్చినోళ్లను లేపిండు గద, ఆ సచ్చినోళ్లతోనే వాని నోట్లె మన్ను కొట్టిస్త. రేపు నా మొగన్ని మళ్ల బొందవెడ్దం. ఆ బస్సులోళ్ల ముంగట్నే. వాడంత రావాలె."

పగ తీర్చుకోవడం పాపమని చెప్పే పెద్దమనుషులు ఊర్లో చాలామందే ఉన్నారు. మొగుడి ఎముకలను ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న ఆడదాని దగ్గరికొచ్చి ఆ మాట చెప్పమనండి, చూద్దాం.

ఆదివారం పన్నెండింటికి షామియానా కింద బిర్యానీ ఘుమఘుమలాడుతోంది. పటేలు మనిషి మైకులో, "ఇది నలభై ఫీట్ల రోడ్డు, అది పిల్లల పార్కు" అని చెబుతున్నాడు. అంతలో వాడ నుంచి డప్పు లేచింది. రెండు వందలమంది. ముందు మూటతో బిక్షమ్మ. ఒక పక్క శిలువ పట్టుకున్నవాళ్లు, ఇంకో పక్క పసుపు కుంకుమలు తెచ్చినవాళ్లు. ఆ గడ్డలో ఇద్దరి పెద్దలూ పక్కపక్కనే ఉన్నారు. రాడనుకున్న విజేందర్ గొలుసు ఒక కొస పట్టుకుని వచ్చాడు. రెండో కొస భాగ్యశ్రీ చేతిలో ఉంది.

కొలుచుకుంటూ నలభై ఫీట్ల రోడ్డు మధ్యదాకా వచ్చారు. జేసీబీ తవ్విన గుంతను గడ్డపారలతో, పారలతో సరిచేసి పెద్దులును మళ్లీ పడుకోబెట్టారు. భాగ్యశ్రీ కుర్చీ ఎక్కింది. "సార్, మీరు నిలవడ్డకాడ మా తాత ఉన్నడు. మేడమ్, మీ చెప్పుల కింద మా పెద్దవ్వ. నక్ష ఈడనే ఉన్నది, సూస్కోండ్రి!"

డెబ్బై ఏండ్ల ఎస్తేరు కర్ర పొడుచుకుంటూ పోయి మూల ప్లాటులో చతికిలబడింది. "గీ ఈశాన్యం బిట్టు నాది. నేను సచ్చినంక నన్నీడనే పెట్టుండ్రి. ఇల్లు కట్టుకుంటే కట్టుకోండ్రమ్మా, కిందికెల్లి నేను కాపలా ఉంట!" ముసలివాళ్లంతా తలా ఒక ప్లాటు ఎంచుకుని కూర్చున్నారు. బిర్యానీ పళ్లాలు ఎక్కడివక్కడే పెట్టి కొనేవాళ్లు బస్సులెక్కారు.

నిన్న ఏందే అన్న పటేలు నోరు ఇవాళ అక్కా అంది. "అక్కా, ఆ ఒక్క బొంద ఇడిచిపెడ్త. లొల్లి ఆపు."

"ఇడిచిపెట్టనీకి నీ అయ్య జాగనా?" అంది బిక్షమ్మ. వాడంతా పకపకా నవ్వింది. పటేలు మొహం నల్లబడింది. జీవితంలో మొదటిసారి తనను చూసి కూలోళ్లు నవ్వారు.

వెంటనే ఫోను తీశాడు. ఎస్సై పోలీసు వ్యానుతో వచ్చాడు. డానియల్, విజేందర్, కురుమయ్య, భాగ్యశ్రీ, మొత్తం పదకొండుమందిని ఎక్కించారు. కిటికీలోంచి తల్లిని చూసి భాగ్యశ్రీ మొహం దించుకుంది. బిక్షమ్మ వ్యాను పట్టుకుని నడిచింది. "తలకాయ ఎత్తు బిడ్డా! తప్పు నువ్వు జేయలే. నిన్ను కొట్టి నేను జేసిన!"

వ్యాను మలుపు తిరిగింది. సంఘమంతా అందులో పోయిందనుకుని సైదులు పటేలు సిగరెట్టు ముట్టించాడు. ఆ పూటే సంఘంలో చేరిన తల్లుల సంగతి అతనికేం తెలుసు? బొంద తవ్విన గడ్డపార బిక్షమ్మ చేతిలోనే ఉంది. పోయి వెంచర్ గోడను పోటు మీద పోటు పొడిచింది. పొడిచిన ప్రతిసారీ మొగుడు దగ్గిన దగ్గు, కూతురి చెంప, పటేలు అన్న నాలుగు బొక్కలు గుర్తుకొచ్చాయి. పక్కన ఇంకో తల్లి పోటు పడింది. తర్వాత లెక్క తెలియలేదు.

సగం గోడ పడ్డాక ఎస్సై జీపులో మళ్లీ వచ్చాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు. ఎదురుగా గడ్డపారలతో అరవైమంది ఆడవాళ్లు.

"ఎవరు కొట్టమన్నరు?" అని గద్దించాడు.

"నా బిడ్డ కొలిచింది, మేం కొడ్తున్నం." బిక్షమ్మ చెయ్యి ఆపలేదు. "గీ జీపుల మేం పట్టం సారూ. పెద్ద బండి తెప్పియ్యి. అదొచ్చేలోపట మిగిలిన గోడ గూడ అయిపోతది."